అరసున్న దగ్గర ఆగిన చెయ్యి

ఆ రోజు తార్నాక సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడింది, వెనక హారన్లు మొదలయ్యాయి. స్కూటీ యాక్సిలరేటర్ మీద నా కుడిచెయ్యి ఉన్నట్టు కంటికి కనిపిస్తూనే ఉంది. తిప్పుదామంటే మాత్రం బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు నావి కానట్టున్నాయి. బండిని ఎట్లాగో పక్కకు తోసుకెళ్లి, చెయ్యి విదిలించుకుంటూ నిలబడ్డాను. తిమ్మిరెక్కిందిలే అనుకున్నాను. అట్లా అనుకుంటూనే ఆ వానాకాలమంతా గడిపేశాను.

నాది టైపింగ్ పని. ఇల్లు వారాసిగూడలో, యూనివర్సిటీ గేటు దగ్గర చిన్న డీటీపీ సెంటరు. తెలుగులో పీహెచ్‌డీ చేసే పిల్లల సిద్ధాంత గ్రంథాలు టైపు చేసి, పేజీలు సర్ది ఇస్తాను. పెళ్లికి ముందు నేర్చుకున్న పని, ఇంకోటి రాదు. తెలుగు టైపింగంటే ఒత్తులకు షిఫ్ట్ నొక్కీ నొక్కీ చిటికెన వేలు అరిగిపోతుంది. ఇక మా పాత ఫాంట్‌లో అరసున్న, బండి ఱ మామూలు కీల మీద దొరకవు. ఆల్ట్ పట్టుకుని, కీబోర్డు కుడి చివరన ఉండే నంబర్ ప్యాడ్ మీద అంకెలు కొడితేనే వస్తాయి. యూనికోడ్‌కు మారొచ్చు కదా అని అందరూ అంటారు. పాత ఫైళ్లన్నీ మార్చుకోవాల్సింది వాళ్లు కాదుగా.

తర్వాత తర్వాత చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం కష్టమైంది. టీ గ్లాసు చేతిలోంచి జారిపోయేది. పొద్దున లేస్తే అరచెయ్యి నిండా సూదులు, సాయంత్రానికి భుజం లాగేది. మా ఆయన జండూబామ్ రాసీ రాసీ విసిగి, ఒకరోజు తనే ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

ఆర్థోపెడిక్ డాక్టరమ్మ నా మణికట్టు వంచి పట్టుకుంది. కాసేపటికే వేళ్లు జివ్వుమన్నాయి. నెర్వ్ కండక్షన్ స్టడీ రాసింది. చేతికి తీగలు అంటించి చిన్న చిన్న షాకులిచ్చే పరీక్ష అది. రిపోర్టు చూసి, "కార్పల్ టనెల్ సిండ్రోమ్. మణికట్టు దగ్గర మీడియన్ నెర్వ్ నొక్కుకుపోతోంది. మోడరేట్ స్టేజ్" అంది. ఆపరేషనా అని అడిగాను. ఇప్పుడే వద్దు, ముందు మణికట్టు వంగకుండా పట్టి ఉంచే స్ప్లింట్ కట్టుకుని చేతికి రెస్ట్ ఇవ్వమంది. తర్వాత, "కానీ మళ్లీ అదే టేబుల్ దగ్గర అట్లాగే కూర్చుంటే మళ్లీ ఇక్కడికే వస్తారు" అంది. భయమేసింది. ఈ చెయ్యి పోతే నేనేం చెయ్యాలి?

అప్పటికి నా దగ్గర యాదగిరి థీసిస్ సగంలో ఉంది. క్యాంపస్ హాస్టల్లో ఉండే పిల్లవాడు, పాత పద్యాల మీద పరిశోధన. పేజీ పేజీకీ అరసున్నలే. సబ్మిషన్ దగ్గర పడింది, వేరేచోట ఇచ్చుకో నాయనా అన్నాను. "నువ్వు చెప్పక్కా, నేను కొడత" అని నా కుర్చీలో కూర్చున్నాడు. స్ప్లింట్ కట్టుకుని పక్కన కూర్చుని ఏ అక్షరం ఎక్కడుందో నేను చెప్పడం, అతను రెండు వేళ్లతో వెతుక్కోవడం. సాయంత్రానికి ఒక్క పేజీ. నొప్పికంటే ఆ చూస్తూ కూర్చోవడమే నన్ను ఎక్కువ అలసిపోయేట్టు చేసింది.

స్ప్లింట్ తీశాక, డాక్టరమ్మ చెప్పిందని నిలువు మౌస్ తెప్పించాను. ఎవరికో షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు పట్టుకోవాలి దాన్ని. యాదగిరి చూసి, "ఏందక్కా గిది, మౌసా ఇస్త్రీపెట్టెనా?" అన్నాడు. అన్నట్టే అయింది. నా చేతికి అది మరీ పెద్దది, పట్టుకుని పట్టుకుని బొటనవేలి మొదట్లో కొత్త నొప్పి మొదలైంది. వాపసిచ్చి చిన్న సైజు తెచ్చుకున్నాను. దానికి అలవాటు పడేసరికి ప్రాణం విసిగింది.

అయినా భుజం లాగడం తగ్గలేదు. మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి. ఈసారి మౌస్ ఎక్కడ పెడతారో చూపించమంది. చెయ్యి పక్కకు బారుగా చాచాను. "అంత దూరమా? మోచెయ్యి ఒంటికి ఆని ఉండాలమ్మా" అంది. సెంటరుకొచ్చి చూస్తే నిజమే, మధ్యలో నంబర్ ప్యాడ్ అడ్డం. అది లేని పొట్టి కీబోర్డు, మధ్యలో విచ్చుకుని మణికట్టు వంగకుండా ఉండేది ఒకటి ఉందని తెలిసి, సంబరంగా కొన్నాను. మౌస్ దగ్గరికొచ్చింది, భుజం తేలికైంది. మొదటి పద్యం మొదలుపెట్టాను. అరసున్న వచ్చింది. చెయ్యి అలవాటుగా కుడివైపు పోయి మౌస్ మీద పడింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది! రోజూ వాడే నంబర్ ప్యాడ్ లేదన్న సంగతి కొనేటప్పుడు తట్టనేలేదు. పై వరస అంకెలు ఆల్ట్‌తో పనిచెయ్యవు. ఆ రోజు ఏడ్చాను. మణికట్టు కోసం కాదు, విసుగొచ్చి.

మళ్లీ వెతుక్కుంటూ కంప్యూటర్ షాపుకు వెళ్లాను. అకౌంట్లు చూసేవాళ్లు లాప్‌టాప్‌కు తగిలించుకునే విడి నంబర్ ప్యాడ్ దొరికింది. దాన్ని ఎడమవైపు పెట్టుకున్నాను. కుడిచేత్తో ఆల్ట్, ఎడమచేత్తో అంకెలు. ఇన్నేళ్ల అలవాటు తలకిందులు. మొదట్లో అరసున్న బదులు ఏవేవో గుర్తులు పడేవి. మెల్లగా చేతులు దారికొచ్చాయి. యాదగిరి థీసిస్ ఆలస్యమైనా పూర్తయింది.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. కృతజ్ఞతల పేజీ ఆఖర్న టైపు చేయించుకుంటారు, అందులో ఆఖరి మాట టైపు చేసినవాళ్లకు. అట్లా నా పేరు నేనే ఎన్నిసార్లు కొట్టుకున్నానో. యాదగిరి తెచ్చిన కాగితంలో 'సుజాతక్కకు, ఆమె కుడిచేతికి' అని ఉంది. చేతికెవరన్నా కృతజ్ఞతలు చెప్తారా అని కసిరాను.

"చెప్పాలె అక్కా. నువ్వెప్పుడన్న చెప్పినవా?" అన్నాడు.

రాసింది రాసినట్టే కొట్టాను.

పూర్తిగా నయమైందని చెప్పను. కొన్ని పొద్దుల్లో ఇంకా సూదులు గుచ్చుతాయి. పనులు తక్కువ ఒప్పుకుంటున్నాను, మధ్యమధ్య లేచి టీ పెట్టుకుంటున్నాను. గ్లాసు కుడిచేత్తోనే పట్టుకుంటున్నాను. మౌసో కీబోర్డో కొనబోయేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ముందు ఒక పనిరోజంతా మీ చెయ్యి ఎటు పోతోందో, ఎంత దూరం పోతోందో, ఏ కీ కోసం పోతోందో చూడండి. నేను ఇన్నేళ్లు స్క్రీన్ చూశాను, కాగితం చూశాను. చేతిని మాత్రం అది ఆగిపోయాకే చూశాను.