దోన్ ఎవెనోర్ వదులు తీగ

దోన్ ఎవెనోర్ పొటోస్మెకి లోకంలో ఒకే ఒక్క జబ్బు. గిటారోన్ భుజానికి తగిలించుకుని వీధిలోకి దిగాడంటే చాలు, ఎవరో ఒకరి గడప ముందు దాని తీగ వదులైపోతుంది. చౌరస్తాలో అవ్వదు, బస్సులో అవ్వదు. గడప ఉండాలి, గడప ముందు నీడ ఉండాలి, నీడలో కుర్చీ ఉండాలి.

గిటారోన్ అంటే నిండు గర్భిణిలాంటి గిటార్ లెండి. దాన్ని ఆయన మోస్తాడు. మామూలు గిటార్ నేను మోస్తాను. ఆయన్ని కూడా నేనే మోస్తున్నట్టుంటుంది. ఇరవై రెండేళ్ళుగా మనాగువా వీధుల్లో ఇదీ నా బతుకు.

"ఎండకి సాగిపోయింది, ఫ్రెడో."

"ఇందాకే బిగించారు కదా!"

"అక్కడి ఎండ వేరు, ఇక్కడి ఎండ వేరు."

బిగిస్తే సరిపోదు. సరిగ్గా బిగిసిందో లేదో తెలియాలంటే పాట మొత్తం వాయించాలట! లోపల్నుంచి ఎవరో ఒక పెద్దావిడ డొప్పనిండా చల్లటి పినోలియో, అదే మా మొక్కజొన్న పానకం, పట్టుకొస్తుంది. ఈయన తాగుతాడు. మళ్ళీ ఇంకో పాట. పెళ్ళికి పిలిస్తే మేం వాళ్ళ బిడ్డ బాప్తిస్మానికి చేరతామని ఊళ్ళో జనం నవ్వుతారు.

అలాంటిది ఈ మే ముప్ఫైన, అమ్మల పండగనాటికి, నాకు బంగారంలాంటి అవకాశం వచ్చింది. భోజన హోటలు నడిపే దోన్యా నినోస్కా పిలిచి, "పన్నెండున్నరకి మా అమ్మ కేకు కోస్తుంది. కత్తి పెట్టేసరికి పాట మొదలవ్వాలి. మెచ్చిందంటే ఇకనుంచి ప్రతి ఆదివారం ఇక్కడ మీరిద్దరే," అంది.

ప్రతి ఆదివారం! ఫ్యాన్ కింద! కుర్చీలో! ఆ మాట విని నా మోకాళ్ళు రెండూ ఆనందంతో ఏడ్చినంత పని చేశాయి.

"చింతచెట్టు ఉండిన చోటు నుంచి సరస్సు వైపు రెండు వీధులు, పైకి ఒకటి," అని అడ్రసు చెప్పింది. పైకంటే తూర్పుకి లెండి, మా ఊళ్ళో అడ్రసులన్నీ అంతే. చెట్టు పోయి యాభై ఏళ్ళయినా అడ్రసు పోదు.

పండగ పొద్దున తొమ్మిదింటికే ఆయన్ని లాక్కుని బయల్దేరాను. పదకొండున్నరయ్యేసరికి మూడు గడపల ముందు తీగ వదులైంది. పైగా సరస్సు గాలి తగిలిన పాపాన పోలేదు. నాకు అనుమానం వచ్చింది.

"అసలు మనం ఎటు పోతున్నాం?"

"చింతచెట్టు దగ్గరికి."

"ఏ చింతచెట్టు?"

"పెట్రోలు బంకు కోసం కొట్టేశారే, అది."

"అయ్యో దేవుడా! ఆవిడ చెప్పింది భూకంపంలో పడిపోయిన చెట్టు! అది ఊరికి అటు చివర!"

మామిడికాయలమ్ముకునే ఆవిడ గంప దించి, "పిడుగుపడి కాలిపోయింది, ఆ చెట్టు కాదూ?" అని మూడోది తెచ్చిపెట్టింది. లేని చెట్ల గురించి ముగ్గురం నడివీధిలో అరగంట పోట్లాడుకున్నాం.

"పదండి, పదండి! ఇంకా టైముంది!" అని ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. నాలుగడుగులు వేశామో లేదో, ఒక నీలం తలుపు ముందు తీగ వదులైంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "దీన్ని పొయ్యిలో పెట్టేస్తాను!" అని వీధంతా వినపడేలా అరిచాను. తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ గౌను, మొహానికి పౌడరు, చేతిలో కర్ర. ఎనభై ఐదేళ్ళ ముసలావిడ, పేరు దోన్యా త్రాన్సితో. చూరు కింద నీడలో మూడు కుర్చీలు వేసే ఉన్నాయి.

"ఇంత ఆలస్యమేం, ఎవెనోర్? పోయినేడు నీ తీగ పదింటికే వదులైందే!"

నేను ఆయన్ని పక్కకి లాగాను. "పోయినేడా? రోజుకి పది గడపలు, నాకెక్కడ గుర్తు! అంటే ఏటా ఇదేనా?"

"మెల్లిగా మాట్లాడు. ఆవిడ మంత్రసాని. ఈ పేటలో సగం మందికి బొడ్డు కోసింది. తనకి మాత్రం పిల్లల్లేరు. పొద్దున మనం ఆగిన బడి వంటమనిషికీ లేరు, ఇస్త్రీ ఆవిడకీ లేరు, కొవ్వొత్తులమ్మే ఆవిడకీ లేరు. ఇవాళ వీళ్ళకి పాట ఎవరు పంపిస్తారు? మీ కోసమే వచ్చామంటే జాలిపడ్డామనుకుంటారు. తీగ వదులైందంటే ఎవరికీ నామోషీ ఉండదు."

"మరి చింతచెట్టు?"

"భూకంపం చెట్టు నాకు తెలీదనుకున్నావా? చెబితే నువ్వు ఇటు రానిస్తావా? నీ బొడ్డు కోసింది కూడా ఈవిడే, గాడిదా!"

అది విని నా కోపం పోయిందనుకునేరు, పోలేదు. గడియారం చూశాను. పన్నెండూ పది. ఇప్పుడు టాక్సీ ఎక్కినా అందుకుంటాం. ఫ్యాను కళ్ళ ముందు గిర్రున తిరిగింది. దోన్యా త్రాన్సితో గౌను మడతలు సవరించుకుంటూ నా వంకే చూస్తోంది.

"నా గిటార్ తీగ కూడా వదులైనట్టుందమ్మా," అన్నాను.

"ఎండ మరి," అందావిడ కుర్చీ ఇటు జరుపుతూ.

ఆరు పాటలు వాయించాం. మేం చేరేసరికి కేకు పళ్ళెం కూడా కడిగేశారు. దోన్యా నినోస్కా ఆదివారాలు కీబోర్డు వాయించే ఒకతనికి ఇచ్చేసింది. అసలు తీగలే లేని వాయిద్యమైతే పీడా పోతుందని అందట. అతను ఫ్యాన్ కింద కూర్చుని వాయిస్తుంటాడు. ఆ ముందు నుంచే ఎండలో నడుస్తూ దోన్ ఎవెనోర్‌ని తిడుతుంటాను. తిట్టకపోతే నాకు ముద్ద దిగదు.

నిన్న గిటార్ లేకుండా బజారుకి పోతూ నీలం తలుపు ముందు ఆగాను.

"ఇవాళేమైంది, ఫ్రెడో?" అంది దోన్యా త్రాన్సితో.

"చెప్పు తెగిందమ్మా."

ఆవిడ నా కాళ్ళకున్న బూట్లని ఒకసారి చూసి, పినోలియో తేవడానికి లోపలికెళ్ళింది.