సీలు కారిన స్లైడ్లు

టాటానగర్లో మా కాలేజీ జువాలజీ లేబ్‌లో నీలకంఠం బాబాయి ముప్ఫై నాలుగేళ్లు అటెండరుగా పనిచేశాడు. పుట్టింది ఈ ఊళ్లోనే, జుగ్సలాయిలో. తండ్రి టాటానగర్ స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఎనిమిదితో బడి మానేసిన ఆ మనిషి బొద్దింక నోటి భాగాలను సూదులతో విడదీసి స్లైడు మీద వరుసగా పేరుస్తుంటే, ఎమ్మెస్సీ చదివేవాళ్లం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం. ఏ మైక్రోస్కోపు ఎవరి చేతిలో మొరాయిస్తుందో ఆయనకు తెలుసు. అందరితో హిందీలోనే మాట్లాడేవాడు. మా క్లాసులో తెలుగువాళ్లం ఇద్దరమే, నేనూ, అగ్రికో నుంచి వచ్చే సుధారాణీ. మమ్మల్ని మాత్రం "అమ్మీ" అనేవాడు. సీతారాండేరాలో మా వీధి మనిషే కాబట్టి బాబాయి అయ్యాడు.

రెండో ఏడాది మానవ జన్యుశాస్త్రం గౌరీశంకర్ సార్ చెప్పేవారు. ఎవరి వంశవృక్షం వాళ్లు గీసుకు రమ్మన్నారు. రక్తసంబంధం ఉన్నవాళ్ల మధ్య పెళ్లయితే ఒక గీత బదులు జంట గీత గీయాలి. నా చార్టులో జంట గీతలు మూడు: అమ్మమ్మది, అమ్మది, మేనత్తది. పక్క బెంచీ సూరజ్ నా భుజం మీదుగా తొంగిచూసి, "అరే, తేరే ఘర్ మే తో రైల్వే లైన్ బిఛీ హై!" అన్నాడు. మా ఇంటినిండా రైలు పట్టాలేనట. క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నాలుగో పట్టా పడబోతోందని వాడికి తెలియదు. అప్పటికే మేనత్త కొడుకు అశోక్ బావతో నా పెళ్లి మాటలు అయిపోయాయి. సుధారాణి మాత్రం నవ్వకుండా తన చార్టును పుస్తకం కిందికి తోసేసింది.

మరుసటి వారం ప్రాక్టికల్ సికిల్ సెల్ పరీక్ష. ఎవరి రక్తం వాళ్లే చూసుకోవాలి. వేలి కొస నుంచి ఒక చుక్క, దాని మీద ఆక్సిజన్‌ను లాగేసే ద్రావణం ఒక చుక్క, పైన కవర్ గ్లాసు, చుట్టూ గాలి చొరబడకుండా వేజలిన్‌తో సీలు. లోపం ఉన్న రక్తమైతే గుండ్రటి కణాలు కొడవళ్లలా వంగిపోతాయి. ఆ లోపం తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తే దాదాపుగా ఏ ఇబ్బందీ ఉండదు, మనిషి దాన్ని మోస్తూ మామూలుగా బతికేస్తాడు. ఇద్దరి నుంచీ వస్తే జబ్బు. స్లైడును గంటసేపు కదపకుండా ఉంచాలి. ఆ గంటలో మాకు పై అంతస్తులో వేరే క్లాసు. స్లైడ్లకు కాపలా నీలకంఠం బాబాయే.

క్లాసయ్యి కిందికి వచ్చేసరికి నా మైక్రోస్కోపు కింద స్లైడు లేదు.

"సీలు కారిపోనాదమ్మీ. గాలి దూరిపోనాది. కడిగీసినాను," అన్నాడు బాబాయి.

"అయ్యో! మళ్లీ చేస్తాను బాబాయ్."

"బెల్లు కొట్టీసినారు గదా, ఇంకేటి సేత్తావు? కడిగే ముందు నాను సూసినాన్లే. అన్నీ గుండ్రంగానే ఉన్నాయి. నెగటివ్ రాసీ."

సుధారాణి స్లైడూ కడిగేసి ఉంది. "వేజలిన్ పూయడం కూడా రాదు మన మొహాలకి. రేపు పిల్లలకి కాటుకేటి పెడతామే!" అంది. ఇద్దరం నెగటివ్ అనే రాశాం. సార్ బల్ల మీద నలభై రికార్డులు. తల ఎత్తకుండా సంతకాలు పెట్టేశారు.

పరీక్షలయ్యాక నా పెళ్లయింది. ఇప్పుడు మా హాసినికి పది నెలలు. పోయిన నెల దాని చేతులూ పాదాలూ బన్నుల్లా ఉబ్బాయి. ముట్టుకుంటే గుక్కపట్టి ఏడ్చేది. పళ్లొస్తున్నాయని అత్తయ్య అంది. ఆసుపత్రిలో ముగ్గురి రక్తాలూ తీశారు. లోపం నాలో ఒక పాలు, అశోక్‌లో ఒక పాలు, పాపకి రెండూ. డాక్టరు బొమ్మ గీసి వివరించబోతుంటే, "నాకు తెలుసండీ, ఎమ్మెస్సీ జువాలజీ" అన్నాను. అనేశాక సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చి అటక మీది రికార్డు దించాను. ఫలితం: నెగటివ్. నా చేతిరాతే. పాపని ఎత్తుకుని, ఆ పుస్తకం పట్టుకుని బాబాయి ఇంటికి వెళ్లాను. ఆయన రిటైరై ఏడాదయింది. గుమ్మంలో కూర్చుని లుంగీ కొసతో కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

"బాబాయ్, ఆ రోజు నా సీలు నిజంగానే కారిందా?"

ఆయన పేజీ చూశాడు. తర్వాత వాపు ఇంకా తగ్గని పాప చేతులు చూశాడు.

"నేదమ్మీ. బాగానే ఏసినావు సీలు. సగానికి సగం వంగిపోయున్నాయి."

రికార్డు మూసేశాను. ఆయనే అన్నాడు: "నూకాలమ్మ కూతురు ప్రసన్న నేదా? అదీ మన లేబ్‌లోనే సదివినాది. నిశ్చితార్థం అయిన పిల్ల. దాని స్లైడు సూసి, మన పిల్లే గదా అని నానే పరిగెత్తికెల్లి ఆలింట్లో సెప్పినాను. వారం తిరక్కుండా బస్తీ అంతా పాకిపోనాది. మగపెల్లోలు ఎల్లిపోనారు. రగతం సెడ్డ పిల్లని పేరెట్టినారు. ఇరవయ్యేళ్లయినాది, టూసన్లు సెప్పుకుంటా ఉండిపోనాది. మన పిల్లల స్లైడు ఇంకెవులి కంటా పడనీకూడదని ఆవేలే ఒట్టేసుకున్నాను."

"పెళ్లి మానక్కర్లేదు బాబాయ్. ముందే బావ రక్తం చూసుకునేవాళ్లం."

"నీకు సెప్తే మీయమ్మకి సెప్తావు. మీయమ్మ కుళాయి కాడ..." అని ఆగిపోయాడు.

అరవాలనుకున్నాను. కానీ అమ్మకి చెప్పేదాన్నే, ఆ సంగతి నాకు తెలుసు.

"ఎంతమందివి కడిగావు?"

"తొమ్మిది."

కాగితం చూడకుండా తొమ్మిది పేర్లూ చెప్పాడు. ఎవరిది ఏ వీధో, ఏ నంబరు మైక్రోస్కోపో కూడా చెప్పాడు. చివరి రెండూ మావే.

"లే బాబాయ్. వాళ్లందరికీ చెప్పాలి."

"ఇప్పుడేటి లాభం? పెల్లిల్లయిపోనాయి గదమ్మీ."

"అందుకే."

ఆటో ఎక్కి ముందు అగ్రికో వెళ్లాం. తలుపు తీసిన సుధారాణికి మూడో నెల. వాళ్లమ్మ తమ్ముడు ఆదిబాబునే చేసుకుంది.

"ఏటే, ఫోనైనా చెయ్యకుండా! బాబాయ్, మీరూ వచ్చేరా? సీమంతానికి ఇంకా టైముంది, గాజులు తెచ్చేరేటి?" అంటూ పాపని నా చేతుల్లోంచి లాక్కుని వేళ్లు ముద్దుపెట్టుకోబోయింది. హాసిని కెవ్వుమంది.

"ఏటే దీనికి?"

నేను నోరు విప్పేలోపు గడప బయటి నుంచి బాబాయి అన్నాడు, "అమ్మీ, ఆ రోజు నీ సీలు కారనేదమ్మా. నానే కడిగీసినాను."

సుధారాణి ఆయన్ని చూసింది. తర్వాత నా మొహం, తర్వాత పాప వేళ్లు. ఇద్దరం చదివింది ఒకే పుస్తకం. ఎవరూ వివరించనక్కర్లేదు. ఒకవేళ ఆదిబాబు రక్తంలో లేకపోతే భయం లేదు. ఉంటే బిడ్డకి జబ్బొచ్చే అవకాశం నాలుగింట ఒక పాలు.

"ఆదిబాబు డ్యూటీ ఎప్పుడు దిగుతాడు?" అని అడిగాను.

"పొద్దున షిఫ్టు. రెండింటికి," అంది.

పాపని మెల్లగా నాకిచ్చేసి గోడ గడియారం కింద కుర్చీలో కూర్చుంది. ఇంకా పదకొండు కూడా కాలేదు. బాబాయి చెప్పులు విప్పకుండా గడప బయటే నిలబడిపోయాడు. లోపలికి రమ్మని ఆమె అనలేదు.