ఇటుక బట్టీల ఊరి క్లబ్బు

మొన్న శుక్రవారం, నేను పనిచేసే ఈ అరబ్బు దేశంలో ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో క్షవరం చేయించుకుంటుంటే, షాపు టీవీలో ఏదో కప్పు మ్యాచ్‌లో ఆకుపచ్చ, ఇటుకరంగు చారల జెర్సీలు కనిపించాయి. కాస్త కత్తెర ఆపమని తల తిప్పి చూశాను. నేనెన్నడూ అడుగుపెట్టని హాలండు దేశంలో, నాదని చెప్పుకోగల ఒకే ఒక్క ఫుట్‌బాల్ క్లబ్బు అది.

ఇరవై ఏళ్ల కిందట ఇక్కడే అల్ రయ్యాన్‌లో ఫుట్‌బాల్ ఆటగాళ్లకు శిక్షణనిచ్చే ఒక హాలండు సారు దగ్గర డ్రైవరుగా ఉండేవాణ్ణి. రోజూ కారెక్కగానే ఆయన తన ఊరి క్లబ్బు కథ అందుకునేవారు. బట్టీ కూలీలు పని దిగాక కాలువ గట్టున ఆడుకుంటూ దాన్ని పెట్టుకున్నారని, మొదటి జెర్సీలు వాళ్ల ఇంటి ఆడవాళ్లే కుట్టారని, పెద్ద కప్పేదీ రాకపోయినా ఆదివారం ఊరంతా అక్కడే ఉంటుందని చెప్పేవారు. కడప జిల్లావాణ్ణి, నాకు ఫుట్‌బాల్ తెలియదు గాని, చేతులతో కట్టుకున్నదాని మీద ఉండే మమకారం తెలుసు.

ఒకరోజు, ఆ క్లబ్బును పక్క నగరపు పెద్ద క్లబ్బులో కలిపేస్తారని, పేరూ రంగులూ పోతాయని, సభ్యులు స్వయంగా వచ్చి ఓటు వేయాలని కబురొచ్చింది. ఇక్కడి యజమానులు సెలవు ఇవ్వలేదు. సారు ఉద్యోగమే వదిలేశారు. ఆయన వెళ్తే ఆయన పేరు మీదున్న నా వీసా కూడా పోతుందని బిర్కత్ అల్ అవామిర్ కూలీల క్యాంపులో ఉండే జగిత్యాల స్నేహితుడు గుర్తుచేశాడు.

"ఎన్నడు గెల్వని టీం కోసం నౌకరి ఇడిసిపెడ్తడా? మరి నీ సంగతేంది?"

ఎయిర్‌పోర్టు దారిలో, మీరు వెళ్లకపోతే ఏమవుతుందని సారునే అడిగాను.

"ఒక ఓటు తగ్గుతుంది," అన్నారు. తర్వాత ఒక కవరు నా చేతిలో పెట్టారు. పక్కింటివాళ్ల దగ్గర నాకు పని మాట్లాడి, వీసా మార్పు కాగితాలన్నిటి మీదా సంతకం చేసి అందులో ఉంచారు. "నిన్ను నడిరోడ్డున వదిలేసి వెళ్తే, ఆ ఊళ్లో ఏ ముఖం పెట్టుకుని ఓటు వేస్తాను?"

వారం తర్వాత ఫోన్ చేశారు. అరిచి అరిచి ఆయన గొంతు బొంగురుపోయింది. కలిపే ప్రతిపాదన ఓట్లలో వీగిపోయిందన్నారు. నేను స్వీట్లు తీసుకుని క్యాంపుకు వెళ్లాను.

"ఏం గెల్చిన్రే?" అన్నాడు జగిత్యాల స్నేహితుడు.

"పేరు నిలబెట్టుకున్యారు లేప్పా," అన్నాను. రెండు లడ్డూలు తీసుకున్నాడు.

సారు చనిపోయి నాలుగేళ్లయింది. ఆ ఊళ్లో ఇప్పుడు ఒక్క బట్టీ కూడా లేదట. మా రూముల్లోని కుర్రవాళ్లు తమకు నచ్చిన ఆటగాడు క్లబ్బు మారితే తామూ జెర్సీ మార్చేస్తారు. తప్పనను, వాళ్ల సరదా వాళ్లది. నీది ఏ టీమని నన్నడిగితే మాత్రం తడుముకోకుండా ఆ పేరే చెబుతాను. ఎవరూ విని ఉండరు. అయినా సారు నేర్పినట్టే, ఒక్క అక్షరం పోకుండా పలుకుతాను.