అత్త సగంలో ఆపిన సినిమా

సంతలో కొన్న పచ్చి పల్లికాయను నీళ్ళలో వేయగానే తడిసిన ఎర్రమట్టి వాసన వంటిల్లంతా కమ్ముకుంది. మోకాళ్ళ నొప్పికి లేవలేక అక్కడే పీట మీద కూర్చుండిపోయాను. ఆ వాసనతో రఘునాథపల్లిలో బావి కింది మా పల్లి చెలక, ప్రత్యేక తెలంగాణ కావాలని ఉద్యమం లేచి బడులు మూతపడ్డ అరవైతొమ్మిది నాటి ఎండలు, మా మేనత్త రాజవ్వ గొంతు గుర్తుకొచ్చాయి.

నాకప్పుడు పదేళ్ళు. బడి లేని పిల్లలమంతా పొద్దున్నే జొన్న గట్క తిని, పీకి కుప్పపోసిన పల్లిచెట్ల చుట్టూ, గుంజలకు పాత చీరలు కట్టిన నీడలో, ఆడవాళ్ళ మధ్య కూర్చుని కాయలు తెంపేవాళ్ళం. వేళ్ళకు మట్టి పట్టి, గోళ్ళు మండి, లేత పాలగింజలు తిని తిని నోరు వగరెక్కే వేళకు ఎవరో ఒకరు "జర సినిమా చెప్పవే రాజవ్వా" అనేవాళ్ళు.

అత్తకు చదువు రాదు. ఆ గొడవల్లో రైళ్ళు నడిచిన రోజు చూసుకుని జనగామ పోయి ఒక సినిమా చూసొస్తే, దాన్ని నాలుగు రోజులు చెప్పేది. కథానాయిక అందంతో ఎన్నడూ మొదలుపెట్టేది కాదు. ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి మీద ఏముందో, గుమ్మంలో ఎవరి చెప్పులున్నాయో ముందు చెప్పేది. ఎంత చెడ్డవాడికైనా ఆమె కథలో ఒక జ్వరమో, ఒక తల్లో ఉండేది. కథలో ఎవరో ఉత్తరం విప్పబోయే చోట లేచి, కడవ దగ్గరికి పోయి తాపీగా నీళ్ళు తాగేది. మా చేతులు ఆగిపోయేవి. కథారచన గురించి నేను తర్వాత చదివినవాటిలో చాలావరకు ఆ నీడలో విన్నవే.

ఒకసారి నన్నూ వెంట తీసుకుపోయింది. బీడీ పొగ, చెమట, మల్లెపూలు కలిసిన చీకట్లో బెంచీ మీద ఆమె మోచేయి పట్టుకుని చూశాను. ఆ సినిమాలో దొర ఇంటి పనివాడొకడు అచ్చం మాలాగే మాట్లాడాడు. "ఏంది దొరా, గిట్లంటవ్" అని వాడు జారిపడగానే హాలంతా గొల్లుమంది. నవ్విందంతా మా జనగామ వాళ్ళే. పొద్దున బజార్లో జై తెలంగాణ అంటూ ఊరేగిన పిల్లలూ నవ్వారు. నేనూ పొట్ట పట్టుకుని నవ్వాను. అత్త నవ్వలేదు.

మర్నాడు చెలకలో ఆ సినిమానే ఎత్తుకుంది. ఆమె చెప్పిన కథలో పనివాడికి మల్లయ్య అని పేరుంది. మానుకోటలో ఒక బిడ్డ ఉంది. దొర తన కూతురిని గదిలో బంధించిన చోట, మల్లయ్య బయట గొళ్ళెం మీద చెయ్యేసి నిలబడ్డాడు. తెంపుడు ఆగిపోయింది. పక్కింటి కొమురవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అబద్ధం! సినిమాల గట్ల లేదు. వాడు జారిపడితే అందరు నవ్విన్రు," అన్నాను. సినిమా చూసొచ్చానన్న గొప్ప నాది.

ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. "గట్లనా రాజవ్వా?" అని అడిగింది కొమురవ్వ.

అత్త నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. "ఔ బిడ్డా. సినిమాల గట్ల లేదు," అని, ఒళ్ళోని కాయలు దులుపుకుని వేరే కుప్ప దగ్గరికి పోయి కూర్చుంది.

మళ్ళీ ఆమె సినిమా చెప్పలేదు. బతిమాలితే "యాదికి లేదు, పోండ్రి" అనేది. నా పెళ్ళయ్యాక ఒకసారి, మల్లయ్య గొళ్ళెం తీసిండా అని నేనే అడిగాను. "ఏ మల్లయ్య బిడ్డా?" అంది. నిజంగా మరిచిపోయిందో, నాకు చెప్పడం ఇష్టం లేకపోయిందో.

తర్వాత నేను కథలు రాశాను. మొదటి సంపుటిలో మా ఇంటి మాటను పనివాళ్ళ నోట పెట్టి నవ్వించడానికే వాడుకున్నాను. పెద్దమనుషులకు పుస్తకాల భాష ఇచ్చాను. మెచ్చుకున్నారు కూడా. నేను చేసిందేమిటో తెలిసేసరికి చాలా ఏళ్ళు పట్టింది. అప్పటికి అత్త లేదు.

ఇప్పుడు కొత్త రచయితలు సినిమాల నుంచి ఏం నేర్చుకోవచ్చో చెప్పమని నన్ను పిలుస్తుంటారు. మలుపులు, ముగింపులు అంటూ గొంతు అలసిపోయేదాకా చెప్పి వస్తాను. రాష్ట్రం వచ్చింది. తెర మీద కథానాయకుడే మా మాట మాట్లాడుతున్నాడు. జనగామలో ఆ హాలు పోయి బట్టల దుకాణం వెలిసింది, మా చెలక ప్లాట్లయింది. తాను చూసిన సినిమాను నలుగురిని కూర్చోబెట్టి నాలుగు రోజులు చెప్పే మనిషి మాత్రం మళ్ళీ నాకెక్కడా కనబడలేదు. చెప్పినా ఎవరు వింటారు, అందరూ చూసే ఉంటారు.