కుడి భుజం మీది జంధ్యం

మా మామ పోయిన సంగతి చింతామణి బస్సు కండక్టరు వచ్చి చెప్పాడు. చిక్కబళ్ళాపురం స్కూల్లో పిల్లల చేత కుండ బొమ్మ వేయిస్తున్నాను. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు, ఎప్పుడొస్తుందో దానికే తెలియదు కానీ, ఆ రోజు మాత్రం పొద్దున్నే వచ్చేసింది. కండక్టరు గుమ్మం దగ్గర టోపీ తీసి నిలబడ్డాడు. "మేష్ట్రూ, మీ మామ తెల్లారుజామున పోయినాడంట. మిమ్మల్ని పిల్చుకొని రమ్మని మీ అత్తమ్మ చెప్పి పంపించింది. బస్సు నిలబెట్టుకోనుండా" అన్నాడు. పిల్లలకు ఏం చెప్పి వచ్చానో గుర్తు లేదు.

మా మామ అంటే మా అమ్మకు అన్న. చింతామణి బజారు వీధిలో బట్టల అంగడి, దాని వెనకే ఇల్లు. మీలో చింతామణి సంతకు పోయే అలవాటున్నవాళ్ళు ఆయనను చూసే ఉంటారు. ముక్కు మీద కండ్లద్దాలు ఉంటే బట్ట చూస్తున్నట్టు, నొసటి మీదికి తోసి ఉంటే మనిషితో మాట్లాడుతున్నట్టు. మనుషులను చూడటానికి అద్దాలు అక్కరలేదనేవాడు. ఏ బట్ట చేతికొచ్చినా ముందు తిరగేసి వెనకవైపు చూసేవాడు. ఒక పెళ్ళిలో ఎవరో తనకు కప్పిన శాలువాను కూడా అందరి ముందూ అట్లాగే తిరగేసి చూశాడు. అత్త సిగ్గుతో చచ్చిపోయింది.

అంగట్లో ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటి ఉండేది. పరిచిన చీరను కొనేవాళ్ళు ఎన్ని వంకలు పెట్టినా, వాళ్ళ మాట అయ్యేదాకా మడత పెట్టకూడదు. "నువ్వు మడత పెడితే వాళ్ళ నోరు మూసినట్టేరా" అనేవాడు. రంగు వెలుస్తుందన్నా, అంచు సన్నమన్నా, పక్క అంగట్లో ఇంతకంటే మేలైనది ఉందన్నా, చేతులు ఒళ్ళో పెట్టుకొని "చెప్పమ్మా" అంటూ వినేవాడు. నాకు చిన్నప్పుడు ఇదంతా చేతకానితనంగా కనిపించేది.

నన్ను పెంచింది ఆయనే. నా చిన్నతనంలోనే బాగేపల్లిలో మా అమ్మ పోయింది. నాన్న అంతకు ముందే పోయాడు. మామకు పిల్లలు లేరు. కాబట్టి నేను పెద్దవాడినై గల్లాపెట్టె ముందు కూర్చోవాలన్నది ఎవరూ ప్రత్యేకంగా అనుకోనక్కర లేకుండానే అనుకున్న సంగతి. నేనేమో బట్టలు చుట్టే కాగితాల మీద వచ్చిపోయేవాళ్ళ ముఖాలు గీస్తూ ఉండేవాణ్ణి. మైసూరులో బొమ్మలు నేర్పే బడి ఉందని, అద్దంలో చూసుకొని సొంత ముఖం రాసి పంపితే దాన్ని చూసి చేర్చుకుంటారని తెలిసినప్పుడు నాకు అన్నం సయించలేదు. మామతో చెప్పాను. "ముందు రాయి. చూసి చెప్తా" అన్నాడు. ఆయన సరే అంటే మైసూరు. కాదంటే గల్లాపెట్టె. నా బతుకంతా ఆ బొమ్మ మీద ఉంది.

అంగట్లోంచే మోటు గుడ్డ తీసుకొని చట్రానికి బిగించాను. బెంగుళూరు నుంచి తెప్పించిన రంగులు. అవి ఎండాకాలం రోజులు. ఇంట్లో ఎలా ఉంటామో అలాగే, ఒంటి మీద పంచె, జంధ్యం తప్ప ఏమీ లేకుండా కూర్చొని రాశాను. అద్దంలో కనిపించింది కనిపించినట్టు దించాననే నా నమ్మకం.

అత్తే ముందు చూసింది. చూసి చేతిలో చెంబు కింద పెట్టేసింది.

"ఇదేంది నాయనా, జంధ్యం కుడి భుజం మీద ఏసుకున్నావే! ఎవురు పోయినారని?"

నాకప్పుడు తట్టింది. అద్దంలో ఎడమ కుడి అవుతుంది కదా. బొమ్మలో నా జంధ్యం కుడి భుజం మీంచి దిగుతూ ఉంది. పోయినవాళ్ళకు కర్మ చేసేటప్పుడు తప్ప మా ఇండ్లలో ఎవరూ అట్లా వేసుకోరు. అత్త ఏడుపు మొదలుపెట్టింది. నేను కంగారుగా గుడ్డపీలిక తీసుకొని తుడవబోయాను. అప్పుడే మామ లోపలికొచ్చాడు.

"అద్దంలో అట్లే గదా కనిపించేది? కనిపించింది రాసినాడు. ఉండనీ."

"ఇంట్లో మాత్రం పెట్టనీను" అంది అత్త.

"ఇంట్లో వద్దులే. అంగట్లో పెడతా."

అద్దాలు ముక్కు మీదికి లాక్కొని బొమ్మను తీసుకున్నాడు. తీసుకొని, మీరు ఊహించే ఉంటారు, తిరగేశాడు. వెనకవైపు బాగా పరిశీలించి, "గుడ్డ మంచిదే" అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని నేను నిలబడే ఉన్నాను. బొమ్మను రెండు చేతులతో పట్టుకొని అంగట్లోకి పోయాడు.

సంతరోజు దాన్ని చీరల బీరువా పైన మేకుకు తగిలించాడు. "నువ్వు దీని కిందనే కూసో. ఎవురేమన్నా జవాబు చెప్పొద్దు" అన్నాడు.

ఆ రోజు నేను పడినన్ని మాటలు ఇప్పటిదాకా ఎక్కడా పడలేదు. చాకవేలు నుంచి వచ్చిన ఒక రైతు పైకి చూసి, "ఎవురు శెట్టప్పా ఈన? మీ నాయనా?" అని అడిగాడు. నేను ఆయన మోకాలి పక్కనే ఉన్నాను. పెళ్ళి బట్టలకు వచ్చిన ఒక ముసలమ్మ, "అప్పు వసూలుకు వచ్చినోని మాదిరి చూస్తాండాడు. ఈన్ని పైన పెట్టుకుంటే బేరం యాడ అయితాదప్పా?" అంది. చెవులు ఎవరో పట్టి లాగినట్టున్నాయని ఇంకొకడు అన్నాడు. దిబ్బూరహళ్ళి నుంచి పట్టుగూళ్ళు అమ్ముకోవడానికి వచ్చిన పెద్దాయన మాత్రం చాలాసేపు చూసి, "ఆ మెడ కాడ బాగుండాది. ఇప్పుడే ఏందో మింగుతాండేటట్టుండాది" అన్నాడు. ఆయన ఇంకొంచెం సేపు ఉంటే బాగుండుననిపించింది కానీ, ఆయనకు బస్సు టైమయింది.

నాకు ఒళ్ళు మండిపోతూ ఉంది. చెవుల తప్పు అద్దానిదని అరవాలనిపించింది. నోరు కట్టుకున్నాను గానీ చేతులు ఊరుకోలేదు. ముందున్న చీర తీసి మడత పెట్టసాగాను. మామ ఆ చీరను నా చేతిలోంచి తీసుకొని మళ్ళీ పరిచాడు.

"ఇంగా చెప్తాండారు గదరా" అన్నాడు మెల్లగా.

సాయంత్రం అంగడి మూసి తలుపు పలకలు వేసేటప్పుడు ఇక అడిగేశాను, ఆయన మాటేమిటని.

"అందురూ చెప్పినారు. ఒగటి మాత్రం ఎవురూ చెప్పలా. నీ ఎదురుగ్గా చెప్తే నొచ్చుకుంటావని."

"ఏంది మామా?"

"మచ్చలు యాడరా?"

పాఠకులు నన్ను చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను. నా రెండు చెంపల నిండా అమ్మవారి మచ్చలు. బొమ్మలో నా చెంపలు ఉతకని కొత్త మల్లుగుడ్డలా నున్నగా ఉన్నాయి. మైసూరు వాళ్ళు చూస్తారు, బాగుండాలి కదా అని ఏదో గొణిగాను.

"జంధ్యం కాడ అద్దాన్ని నమ్మినావు. మొగం కాడికి వచ్చేతలికి నమ్మలా?"

ఆయన పలక ఒకటి చేతిలో పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. అద్దాలు నొసటి మీదికి తోశాడు.

"మీ అమ్మకూ నీకూ ఒగేతూరి అమ్మవారు పోసింది. ఇంట్లోకి ఎవురూ రాలా. నేనే వేపమండ పట్టుకొని మీ ఇద్దురి మధ్యలో కూసున్నా. మీ అమ్మ దక్కలా. నీకు పొక్కులు ఎండుతా వచ్చినాయి. ఒగొగటే చూసుకుంటా, వీడు బతుకుతాడు, వీడు బతుకుతాడు అనుకున్నా. అవి లేకుంటే నా కంటికి అది నువ్వు కాదురా."

ఆ ముచ్చట ఆయన అంతకు ముందు ఎప్పుడూ చెప్పలేదు. తర్వాత కూడా చెప్పలేదు. పలక బిగించి లోపలికి పోయాడు.

మచ్చలు రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. అంతవరకు నేను అద్దంలో చూసుకునేది క్రాపు కోసమే. ఒక్కొక్క మచ్చనూ దాని చోటులో, దాని లోతులో చూడటం నాకు కష్టమయింది. కొంత దూరం పోయాక కష్టం పోయింది. ఎవరో పక్కన కూర్చొని చూసిన మచ్చలవి అని తెలిశాక వాటిని చూసి సిగ్గుపడటం నాకు చేతకాలేదు. అమ్మ ముఖం నాకు గుర్తు లేదు. అది గుర్తొచ్చిందని చెప్పను గానీ, ఆమె ఉన్న గదిలోకి పోయి వచ్చినట్టనిపించింది.

ఈసారి మామ బొమ్మను తిరగెయ్యలేదు. అద్దాలు కిందికి దించనూ లేదు. నొసటి మీదే ఉంచుకొని, మనిషిని చూసినట్టు చూశాడు.

"ఎప్పుడు పోవల్ల మైసూరికి?" అన్నాడు.

బాగుందని ఆయన ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. నేను అడగలేదు. మైసూరు వాళ్ళు చేర్చుకున్నాక బొమ్మను తిరిగి ఇచ్చేశారు. చెవులు పెద్దవయ్యాయని అక్కడి మేష్ట్రు కూడా అన్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకొని విన్నాను. ఇప్పుడు నా దగ్గర చదివే పిల్లలు బొమ్మ తెచ్చి చూపిస్తే, ముందు వాళ్ళనే అడుగుతాను, ఏది రాయకుండా వదిలేశావురా అని. అది నా మాట కాదని వాళ్ళకు తెలియదు.

పన్నెండో రోజు కర్మ అంగట్లోనే జరిగింది. వెనకిల్లు ఇరుకు కాబట్టి చీరల బీరువాలు పక్కకు జరిపి, నేల కడిగి, అక్కడే విస్తళ్ళు వేశారు. కొడుకు లేడు కాబట్టి చేసేవాణ్ణి నేనే. మైసూరు నుంచి తిరిగొచ్చినప్పుడు మామ మళ్ళీ తగిలించిన మేకుకే బొమ్మ ఎప్పటిలాగే వేలాడుతూ ఉంది. పురోహితుడు దాన్ని చూసి ముఖం చిట్లించి, తీసేయిద్దామన్నాడు. లోగుమ్మం దగ్గర కూర్చున్న అత్త, అన్నేళ్ళూ ఆ బొమ్మ వైపు తలెత్తి చూడని అత్త, "ఉండనీ స్వామీ. ఆయన ఉండనీ అన్నాడు" అంది.

అపసవ్యం అన్నాడు పురోహితుడు. జంధ్యం కుడి భుజానికి మార్చుకొని తలెత్తాను. ఎదురుగా గోడ మీద, అవే మచ్చలతో, అదే భుజం మీద జంధ్యంతో నాకంటే చిన్నవాడొకడు నన్నే చూస్తున్నాడు. ఎవరు పోయారని అత్త ఆ రోజు అడిగిన దానికి మా ఇద్దరి దగ్గరా జవాబు ఉంది.

పిండాలు అయ్యాయి. నీళ్ళు వదిలాను. సవ్యం చేసుకోమన్నాడు పురోహితుడు. నేను జంధ్యం ఎడమ భుజానికి మార్చుకున్నాను. గోడ మీదివాడు మార్చుకోలేదు.