సూర్యుడు 5.24కి, సముద్రం వైపు

మొన్న శనివారం పదిమందిని కొండెక్కించి, సూర్యాస్తమయం చూపిస్తానని చెప్పి, చూడనివ్వకుండా దింపుకొచ్చాను. మబ్బు పట్టలేదు, వాన పడలేదు, ఆలస్యం కూడా కాలేదు. సూర్యుడు తన పని తాను చక్కగా చేసుకున్నాడు. చెడగొట్టింది నేనొక్కదాన్నే. ఎలాగో చెప్తా, టీ తాగుతూ వినండి.

గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పాంట్రీ, హౌస్‌కీపింగ్ చూసుకునే సూపర్‌వైజర్ని నేను. బడిలో చదివింది పదో తరగతి. మిగతాదంతా లైబ్రరీలోనూ, పాత పుస్తకాల బండి దగ్గరా చదివాను. అందుకే ఎవరైనా తెలియకుండా మాట్లాడితే నా నోరు ఊరుకోదు. నా నోరు గురించి మా ఫ్లోర్‌లో ఎవర్నడిగినా చెప్తారు, చుట్టూ చూసుకుని మరీ చెప్తారు.

ఏటా టీమ్ ఔటింగ్ పెట్టేది హెచ్‌ఆర్ కార్తీక్. ఊరి బయట రిసార్టు, చెవులు పగిలే పాటలు, రెయిన్ డాన్స్. మూడేళ్లుగా అదే. ఈసారి మీటింగులో టీ కప్పులు సర్దుతూ అనేశాను. "పైపు కింద తడవనీకి అంత దూరం ఎందుకు కార్తీక్? వాటర్ ట్యాంకర్‌ని ఈడికే పిలుస్త."

అందరూ నవ్వారు. మేనేజర్ ఓబులేసు గారిది కడప. ఆయన నవ్వలేదు. "అయితే ఈసారి నువ్వే చెయ్యి రత్నమ్మా. బాగా చేసినావా, ఇంక ప్రతి సంవత్సరమూ నీదే. చెడగొట్టినావా, మళ్లా రెయిన్ డాన్సే. నువ్వు గూడా దిగల్ల నీళ్లలోకి."

నేను, రెయిన్ డాన్స్! ఆ మాటకే నాకు పౌరుషం వచ్చింది.

ఏం చేయాలో నాకు ముందే తెలుసు. ఒక యాత్రా పుస్తకంలో, ఒకాయన సముద్రం పక్క కాలిబాట పట్టి కొండెక్కి, పొద్దు నీళ్లలో మునగడం చూస్తాడు. ఎర్రటి పొద్దు నీళ్లను తాకిందని, సగం మునిగిందని రెండు పేజీలు రాశాడు. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. మాది నానక్‌రామ్‌గూడ, టవర్లు లేవకముందు నుంచీ అక్కడే. ఇప్పుడు మధ్యాహ్నం మూడు దాటితే మా ఇంటి మీద ఎండ పడదు. పొద్దు ఎటు పోతుందో చూసి పదేళ్లయింది.

కాబట్టి భీమిలి అవతల కొండ. మా అకౌంట్స్ సత్యవతి గారిది ఆ ఊరే. మనుషులు పెద్దగా తిరగని దారి ఒకటుందని చెప్పింది ఆవిడే. ప్లాన్ ప్రింటు తీసి గోడకి అంటించాను. చివరి లైను: "సూర్యుడు 5.24కి, సముద్రం వైపు." టైము నిమిషంతో సహా కరెక్టు, ఫోన్లో చూసి రాశాను.

సత్యవతి గారు కళ్లజోడు సవరించుకుని చదివారు. "రత్నగారూ, ఆ కొండకి తెల్లవారుజామున వెళ్తే బాగుంటుందేమోనండి" అన్నారు.

"సన్‌సెట్‌ని పొద్దున్నే చూసే పద్ధతి మీ భీమిలిల ఉందేమో సత్యవతి గారూ, మా దిక్కు లేదు" అన్నాను. ఫ్లోరంతా గొల్లుమంది. ఆవిడ కూడా నవ్వి తన సీటుకి వెళ్లిపోయారు.

శనివారం పొద్దున రైలు దిగాం. ఓబులేసు గారికి పని పడి రాలేదు. సాయంత్రం నాలుగింటికి నడక మొదలుపెట్టాం. కుడి పక్క సముద్రం, ఎడమ పక్క కొండ, మధ్యలో సరుగుడు తోట, ఇసక దారి. నిజంగానే ఒక్క మనిషి ఎదురు రాలేదు. దారంతా చల్లటి నీడ. ఎండ ఎందుకు లేదని నేను ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథే లేదు. ఆలోచించలేదు. "చూసినర? టైమింగ్ అంటే గిట్లుండాలె" అని కార్తీక్‌కి చెప్పాను.

కొండ మొదట్లో సత్యవతి గారు నా పక్కకి వచ్చారు. "రత్నగారూ, ఒక్క మాటండి."

"మోకాళ్ల నొప్పా? నిమ్మలంగ రండి, ఫికర్ లేదు. మాట్లాడితె ఆయాసం వస్తది."

ఆవిడ కొంగు దోపుకుని నాకన్నా ముందే ఎక్కడం మొదలుపెట్టారు.

పైకెక్కేసరికి ఐదు. వెనక తాటిచెట్లు, ముందు సముద్రం. సినిమా హాల్లోలా అందర్నీ వరసగా సముద్రం వైపు కూర్చోబెట్టాను. సత్యవతి గారు మాత్రం మమ్మల్ని దాటి పోయి, మాకు ఎదురుగా ఒక రాయి మీద, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నారు. జంతికల డబ్బా మూత తీశారు.

"సత్యవతి గారూ, సముద్రం అటు."

"నాకిక్కడ బాగుందండి."

చిన్నప్పట్నుంచీ చూసిన సముద్రం కదా, మొహం మొత్తి ఉంటుంది పాపం అనుకున్నాను.

నీళ్ల చివర సన్నగా మబ్బు ఉంది. "పొద్దు దాని ఎనక ఉంది, కిందికి దిగంగనే కనిపిస్తది" అన్నాను. కాసేపటికి ఆ మబ్బు గులాబీ రంగుకి తిరిగింది. "మొదలైంది" అన్నాను. అందరూ ఊపిరి బిగబట్టారు. పుస్తకంలో ఆయన రాసినట్టే నేనూ వర్ణించడం మొదలుపెట్టాను. మా నీడలు మా కాళ్ల దగ్గర మొదలై, ఎదురుగా కూర్చున్న సత్యవతి గారి చెప్పుల దాకా సాగాయి. నీడ ముందుంటే పొద్దు వెనకుంటుందని, బర్రెలు కాసిన మా అవ్వకి తెలుసు. అక్షరం ముక్క రాదు ఆమెకి. ఇన్ని పుస్తకాలు చదివిన నేను, ఆ నీడల్ని చూసి "ఎంత అందంగ పడ్డయో చూడండి" అన్నాను.

5.24 అయింది. 5.30 అయింది. గులాబీ పోయి బూడిద రంగు వచ్చింది. దూరంగా ఒక పడవలో దీపం వెలిగింది.

"రత్నక్కా," అన్నాడు కార్తీక్ మెల్లగా, "సన్ ఏడికి పోయిండు?"

నేను మబ్బు వైపు చూస్తున్నాను. జవాబు ఎదురు రాయి మీంచి వచ్చింది.

"అస్తమించేశాడండి. చాలా బాగుంది."

"ఎక్కడ?"

"మీ వెనకాలండి."

పదిమందిమీ ఒక్కసారి తిరిగాం. తాటిచెట్ల మధ్య, ఆర్పేసిన అగ్గిపుల్ల కొసకి మిగిలేంత ఎరుపు. మేం చూస్తుండగా అదీ పోయింది. అందరూ తలలు దించుకుని ఫోన్లలో లైటు వెతుక్కున్నారు. నన్ను ఏమన్నా అనడానికి వాళ్లకి అలవాటు లేదు.

ఆ పుస్తకంలో అబద్ధమేం లేదు. ఆయన కూర్చున్నది పడమటి తీరాన. సముద్రమే వేరు.

ఫోన్ లైట్లు వేసుకుని దిగుతూ సత్యవతి గారిని అడిగాను. "ముందే చెప్పొచ్చు కదా?"

"చెప్దామనేనండి. మొదటిసారి చెప్తే అందరూ నవ్వారు. రెండోసారి మోకాళ్లన్నారు. ఇంక ఎందుకులే అని హాయిగా చూసుకున్నానండి." జంతికల డబ్బా నా వైపు చాపారు. "తీసుకోండి, కరకరలాడుతున్నాయి."

నా జీవితంలో మారుమాట లేకుండా తీసుకున్న వస్తువు ఆ జంతిక ఒక్కటే.

సోమవారం ఓబులేసు గారు పిలిచారు. నీళ్లలో దిగడానికి సిద్ధపడే వెళ్లాను. ఆయన ఫోన్ చూస్తూ కళ్లు తుడుచుకుంటున్నారు. "రెయిన్ డాన్స్‌లో ఎప్పుడన్నా ఇంత నగినామా రత్నమ్మా? మళ్లా సంవత్సరము గూడా నువ్వే చెయ్యి. ప్లాను మింద మాత్రం సత్యవతమ్మ సంతకం ఉండల్ల."

ఆయన చూస్తున్నది సత్యవతి గారు ఆ రాయి మీంచి తీసి గ్రూపులో పెట్టిన ఫొటో. నిజం చెప్పాలి, సూర్యాస్తమయం ఫొటోల్లో అంత అందమైనది నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. తాటిచెట్ల మధ్య రాగి పళ్లెమంత పొద్దు, ఆకాశం నిండా మంట. దానికి వీపులు తిప్పి, చీకటి సముద్రం వైపు భక్తిగా చూస్తున్న పదిమంది. కార్తీక్ దాన్ని పెద్దగా ప్రింటు తీయించి, నా పాంట్రీలోనే, టీ మెషిన్ పైన తగిలించాడు. కప్పు పట్టుకుని వచ్చిన ప్రతి ఒక్కరూ ఆగి చూస్తారు.

ఫొటోలో తొమ్మిది మంది నోళ్లు మూసి ఉన్నాయి. నాది ఒక్కటే తెరిచి ఉంది, వేలు సముద్రం వైపు ఉంది. అప్పుడు ఏమంటున్నానో నాకు బాగా గుర్తు.

"ఎవ్వరూ ఎనక్కి తిరగొద్దు, మిస్సయితరు."