శాలువా ఎవరికి కప్పించాను

డబ్లిన్‌లో ఒక చిన్న హాల్లో పాత మూకీ సినిమా వేస్తున్నారంటే, సిటీవెస్ట్‌లో లువాస్ ట్రామ్ ఎక్కి వెళ్లాను. ఒకావిడ తనే రాసి, తనే తీసి, తనే నటించిన హాస్య చిత్రమది. ఇన్నేళ్లూ దర్శకుడిగా ఒక మగవాడి పేరే పడేదట. ఇప్పుడు దాన్ని తీసేసి ఆమె పేరు వేశారు. ఆ పేరు పడగానే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చేతులు రాలేదు. అలాంటి పని నేనూ చేశాను మరి.

స్లైగోలో ఒక డాక్టరుగారి భార్య ఉన్నారు. మాకందరికీ ఆంటీ. ఐర్లండ్‌లో మా తెలుగువాళ్ల ఉగాది సభలో పిల్లల నాటకమంటే పెద్ద తలనొప్పి. ఇక్కడ పెరిగిన పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, నోరు తిరగదు. ఒక ఏడాది ఆంటీ, "అసలు మాటలే వద్దమ్మా, మూగ నాటకం వేద్దాం" అన్నారు.

ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు బరువెక్కువైతే చీరలన్నీ తీసి ఒకదాని మీద ఒకటి కట్టేసుకునే ఇల్లాలి కథ అది. ఇల్లాలు ఆంటీయే, మిగతా వేషాలు పిల్లలవి. ఆవకాయ జాడీని చంటిపిల్లలా జోకొడుతూ ఆఫీసరు ముందునుంచి దాటిపోతుంటే జనం పొట్ట పట్టుకుని నవ్వారు. ఆవిడ ఒక్క కనుబొమ్మ ఎగరేస్తే చాలు, చివరి వరసలో పసివాళ్లు కూడా కేరింతలు కొట్టేవారు. అలా ఏటా ఒక కొత్త నాటకం ఆవిడే అల్లి, పిల్లలకు నేర్పేవారు.

కొన్నేళ్లకు సన్మానం చేద్దామనుకున్నాం. లిస్టు రాసింది నేను. మన అలవాటు ఉందిగా, "డాక్టరుగారి దంపతులు" అని రాసిపడేశాను. శాలువా అంకుల్‌కి కప్పారు. ఆంటీకి బొట్టు పెట్టి పూలగుత్తి ఇచ్చారు. "మన నాటకాలకు వెన్నెముక, డాక్టరుగారు" అని మైకులో చదివింది కూడా నేనే. అంకుల్ ఒక్క రిహార్సల్‌కి వచ్చిన పాపాన పోలేదు. అది తప్పని నాకు ఆ పూట తట్టనే లేదు.

మరుసటి ఏడాది ఆంటీ "ఓపిక లేదమ్మా" అన్నారు. ఎందుకని నేను అడగలేదు. బుద్ధి ఉంటే అడిగేదాన్ని.

సినిమా చూసిన మర్నాడు వీడియో కాల్ చేశాను.

"ఈ ఉగాదికి మీరు నాటకం వెయ్యాలి ఆంటీ. ఈసారి మీ పేరే వేస్తాం, శాలువా మీకే."

"ఇంకెక్కడి నాటకం తల్లీ? పార్కిన్సన్స్ అన్నారు. ముఖం బిగుసుకుపోయింది, చూస్తున్నావుగా."

చూస్తూనే ఉన్నాను. కనుబొమలు కదలడం లేదు.

"ఆ రోజు లిస్టు రాసింది నేనే ఆంటీ. తప్పయిపోయింది."

"తెలుసమ్మా. చదివిందీ నువ్వేగా. గ్రాండ్, ఏం పర్లేదు, వదిలెయ్."

నవ్వుతూ అన్నారో, మనసులో పెట్టుకునే అన్నారో! హాలు చివరి వరసకు కూడా అన్నీ చెప్పిన ఆ ముఖంలో, ఇంత దగ్గరగా చూసినా నాకేమీ తెలియలేదు.